గోళీ ప్రోటీన్‌ని యాడ పట్టుకుంటదో మీ కళ్ళతోని మీరే చూసుడు ఎట్ల? ఇమాటినిబ్‌తోని మొదలువెట్టండి

మా మేనమామది పరకాల దిక్కు ఊరు. సీఎంఎల్ అనే రక్త కాన్సర్ అని తేలి ఆరేండ్లైతుంది, రోజూ అన్నం తిన్నంక 400 మిల్లీగ్రాముల ఇమాటినిబ్ గోళీ ఒకటి వేసుకుంటడు, పొలం పనులన్నీ ఆయనే చూసుకుంటడు. పోయినేడు సంక్రాంతికి పోతే పక్కకు కూసోబెట్టుకొని "ఇంత చిన్న గోళీ లోపటికి పోయి గా కాన్సర్‌ని యాడ వట్టుకుంటదిరా, నువ్వు ఫార్మసీ సదివినవ్ గదా" అనడిగిండు. నోటితోని చెప్పవోతే నాకే తృప్తి అనిపియ్యలే, అందుకే లాప్‌టాప్ తెరిచి చూపెట్టిన. ఆ రోజు చూపెట్టిన దారే ఇక్కడ రాస్తున్న, ఎందుకంటే హన్మకొండల ఫార్మసీ, బయోటెక్ చదివే తమ్ముళ్ళు చెల్లెండ్లు ప్రాజెక్ట్ టైంల నన్ను అడిగేది కూడా ఇదే, కాకపోతే వాళ్ళు సీదా డాకింగ్ (మందు ప్రోటీన్‌ల ఎట్ల కూసుంటదో, ఎంత గట్టిగ పట్టుకుంటదో కంప్యూటర్‌తోని అంచనా కట్టుడు, స్కోర్ మైనస్‌ల ఎంత కిందికి పోతే అంత గట్టి పట్టని లెక్క) కాడికి పోతరు, స్కోర్ మైనస్ 9 వచ్చింది అన్నా, మంచిదేనా అంటరు. మంచిదో కాదో తెల్వాలంటే ముందు ఒక్క మందు ఒక్క ప్రోటీన్‌ల ఎట్ల కూసుంటదో మంచిగ చూడాలె. నా మాటైతే డాకింగ్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే ముందు రెండు రోజులు ఒక్క స్ట్రక్చర్ (ప్రోటీన్ 3డీ రూపం) మీదనే కూసోండి, పైసా ఖర్చు లేదు.

ముందుగాల కథ కొంచెం. సీఎంఎల్‌ల 9వ క్రోమోజోమ్, 22వ క్రోమోజోమ్ ముక్కలు మార్చుకుంటయ్, దాంతోని బీసీఆర్ అనే జీన్, ఏబీఎల్ అనే జీన్ ఒక్కకాడ అతుక్కుంటయ్. 1960ల ఫిలడెల్ఫియాల ఇద్దరు సైంటిస్టులు ఆ పొట్టి క్రోమోజోమ్‌ని మొదలు చూసిండ్రు, అది ముక్కల మార్పిడి అని 1973ల జానెట్ రౌలీ చెప్పింది. ఏబీఎల్ ఒక కైనేజ్, అంటే ఏటీపీ నుంచి ఫాస్ఫేట్ తీసి ఇంకో ప్రోటీన్‌కి అంటించే ఎంజైమ్. మామూలుగ అవసరం ఉన్నప్పుడు ఆన్ అయితది, లేనప్పుడు ఆఫ్‌ల ఉంటది. బీసీఆర్ తోక తగిలినంక దాదాపు ఎప్పుడూ ఆన్‌లనే ఉంటది, తెల్లరక్త కణాలకు పెరుగు పెరుగు అని చెప్తనే ఉంటది. ఇమాటినిబ్ పోయి ఆ ఏటీపీ కూసునే గుంతల జొరబడి కూసుంటది, ఏటీపీకి జాగ ఉండదు, స్విచ్ ఆగిపోతది. 2001 మే నెలల అమెరికాల ఈ మందుకు పర్మిషన్ వచ్చింది. మన దేశంల దీని కొత్త క్రిస్టల్ రూపం మీద పేటెంట్ కుదరదని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న తీర్పిచ్చింది, మా మామ లాంటోళ్ళకు జనరిక్ గోళీ అందుతున్నదంటే దాని వెనక ఆ తీర్పు కూడా ఉన్నది, ఇది ఫార్మసీ చదివే ప్రతోళ్ళు తెలుసుకోవాలె.

ఇగ పని మొదలువెడదాం. ప్రోటీన్ డేటా బ్యాంక్ అనే వెబ్‌సైట్ ఓపెన్ చేయండి, ప్రోటీన్ల స్ట్రక్చర్లన్నీ అక్కడ దొరుకుతయ్. 1971ల ఏడంటే ఏడు స్ట్రక్చర్లతోని మొదలైంది, ఇప్పుడు రెండు లక్షలు దాటినయ్, అన్నీ ఫ్రీ. సెర్చ్‌ల 1ఐఈపీ అని నాలుగు అక్షరాల కోడ్ కొట్టండి (అక్షరాలు ఇంగ్లీషువే కొట్టాలె). ఇది ఏబీఎల్ కైనేజ్ భాగం ఇమాటినిబ్‌తోని కలిసి ఉన్న ఎక్స్‌రే స్ట్రక్చర్. బొమ్మ తిప్పుడు మొదలువెట్టే ముందు పేజీ మీద రాసింది చదవండి, చాలామంది ఇది చదవరు, అక్కడనే తప్పులన్నీ మొదలైతయ్. రిజల్యూషన్ (ఎంత సన్నని వివరం కనపడ్తదో చెప్పే కొలత) 2.1 ఆంగ్‌స్ట్రామ్ అని ఉంటది, ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటర్‌ల వెయ్యి కోట్ల వంతు, ఈ రిజల్యూషన్‌ల హైడ్రోజన్ పరమాణువులు కనపడయ్, మీరు చూసే హైడ్రోజన్లన్నీ సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి పెట్టినవే. ప్రోటీన్ ఎలుకది, మనిషిది కాదు, కైనేజ్ భాగం మటుకు రెండిట్ల దాదాపు ఒక్కటే కాబట్టి పర్వాలేదు, కానీ మీ రిపోర్ట్‌ల "మనిషి ప్రోటీన్" అని రాయకండి. ఏ, బీ అని రెండు చెయిన్లు ఉంటయ్, రెండూ ఒకే ప్రోటీన్ కాపీలు, ఒకటి చాలు మనకు. మందు కోడ్ ఎస్‌టీఐ.

ఫోన్ ఉన్నోళ్ళు అదే పేజీల ఉండే మోల్‌స్టార్ వ్యూయర్‌ల చూడొచ్చు, మందు మీద నొక్కితే దగ్గరికి పోయి చుట్టుపక్కల అమైనో ఆమ్లాలను, మధ్యల చుక్కల గీతలను చూపెడ్తది. లాప్‌టాప్ ఉంటే కైమెరా ఎక్స్ ఏసుకోండి, చదువు కోసం ఫ్రీనే. ఫైల్ మెనూల ఫెచ్ అని ఉంటది, కోడ్ ఇస్తే సీదా నెట్ నుంచి తెస్తది. బీ చెయిన్ సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టండి, స్క్రీన్ శుభ్రంగైతది.

ఇప్పుడు నిమ్మళంగ చూడండి. కైనేజ్ రెండు ముక్కల లెక్క కనపడ్తది, పైన చిన్న ముక్క, దాంట్ల ఎక్కువగ పట్టీల లాంటి బీటా షీట్లు, కింద పెద్ద ముక్క, దాంట్ల స్ప్రింగుల లాంటి హెలిక్స్‌లు. ఈ రెండిటిని కలిపే సన్నని తీగ ఒకటి ఉంటది, దాన్ని హింజ్ అంటరు, మన వడ్లాయన దర్వాజకు కొట్టే కబ్జా ఉంటది చూడండి, అచ్చం అదే పని. ఏటీపీ కూసునే గుంత ఆ కబ్జా పక్కనే, రెండు ముక్కల సందుల. ఇమాటినిబ్ ఆ సందుల ఈ కొస నుంచి ఆ కొస దాక పొడుగ్గ పండుకొని ఉంటది. సెలెక్ట్ మెనూల రెసిడ్యూస్‌ల ఎస్‌టీఐ ఎంచుకొని, టూల్స్‌ల స్ట్రక్చర్ ఎనాలిసిస్ కింద హెచ్-బాండ్స్ (హైడ్రోజన్ బాండ్లు, అంటే మధ్యల హైడ్రోజన్ ఉండే పట్లు) ఓపెన్ చేసి, సెలెక్ట్ చేసినదానికే అని టిక్ పెట్టి నడిపించండి.

ఒక కొస నుంచి చూసుకుంట పోదాం. మందు మొదటి కొసల పిరిడిన్ అనే రింగ్ ఉన్నది, దాని నైట్రోజన్ కబ్జాల ఉండే మెథియోనిన్ 318 (గొలుసుల 318వ అమైనో ఆమ్లం) వెన్నెముకను, అంటే ప్రోటీన్ గొలుసు మెయిన్ తీగను పట్టుకుంటది. కైనేజ్ మందులల్ల చాలావాటికి ఈ పట్టు ఉంటది, ఏటీపీ కూడా ఈ కబ్జానే పట్టుకుంటది కాబట్టి. కొంచెం లోపలికి వస్తే ఒక ఎన్‌హెచ్ ఉంటది, అది థ్రియోనిన్ 315 పక్కకొమ్మ మీది ఓహెచ్‌ని పట్టుకుంటది. ఈ 315ని గేట్‌కీపర్ అంటరు, నిజంగనే లోపలి గదికి పోయే తొవ్వల కావలి ఉన్నట్టు నిలవడి ఉంటది. కావలి దాటినంక మిథైల్ తగిలిచ్చిన రింగ్, ఆ తర్వాత అమైడ్. ఆ అమైడ్ రెండు చేతులతోని పట్టుకుంటది, ఒక దిక్కు గ్లుటామేట్ 286, ఇంకో దిక్కు ఆస్పార్టేట్ 381. చివరి కొసల పిపరజిన్ రింగ్, అది ఐసోల్యూసిన్ 360, హిస్టిడిన్ 361 వెన్నెముకల కార్బొనైల్స్‌ని అందుకుంటది. మొత్తం ఆరు హైడ్రోజన్ బాండ్లు. మీకు నాలుగో అయిదో వస్తే పరేషాన్ కాకండి, దూరానికి, కోణానికి సాఫ్ట్‌వేర్ పెట్టుకున్న హద్దును బట్టి ఒకటి అటిటు అయితది, మీరే రెండు పరమాణువుల మధ్య దూరం కొలిచి చూడండి, 2.7 నుంచి 3.3 ఆంగ్‌స్ట్రామ్ లోపల ఉంటే గట్టి పట్టే.

హైడ్రోజన్ బాండ్లు లెక్కవెట్టి ఆగిపోకండి. పట్టు బలంల చాలా భాగం కనపడని దాంట్ల ఉంటది. ఆ గుంత గోడలు చూడండి, ల్యూసిన్ 248, ల్యూసిన్ 370, ఫినైల్‌అలనైన్ 317, ఫినైల్‌అలనైన్ 382, టైరోసిన్ 253, అన్నీ నీళ్ళంటే గిట్టని జిడ్డు గుంపులే. మందు రాకముందు అక్కడ నీళ్ళ అణువులు ఇరికిరికి ఉంటయ్, మందు వచ్చి వాటిని ఎల్లగొడితే నీళ్ళు బయట తమ తోటి నీళ్ళతోని కలుస్తయ్, ఆ విడుదలతోనే బలం వస్తది. అందుకే కాంటాక్ట్స్ టూల్ కూడా నడిపించి మందు ఏ గోడకు ఎంత ఆనుకుందో చూడండి. ఇంకో ముచ్చట, ఆ రింగ్ మీద చిన్న మిథైల్ ఉన్నది గదా, అది ఊరికనే లేదు, అది పెట్టంగనే ప్రోటీన్ కైనేజ్ సీ అనే ఇంకో కైనేజ్ మీద ఈ మందు కుటుంబానికి ఉన్న ప్రభావం పోయింది, మందు ఎవరిని పట్టుకోవాలె ఎవరిని పట్టుకోవద్దు అన్నది ఒక్క కార్బన్‌తోని మారింది. చివరి పిపరజిన్ పెట్టింది మొదలు నీళ్ళల్ల కరగడానికి, గోళీగ మింగితే ఒంటికి పట్టడానికి.

ఇగ అసలు ముచ్చట, దీన్ని నేను ప్రతోళ్ళకు చూపెడ్త. పుస్తకాలల్ల తాళం, తాళంచెవి బొమ్మ ఉంటది, ప్రోటీన్ తాళం, మందు చెవి. ఏబీఎల్ విషయంల ఆ బొమ్మ సగమే నిజం. 381 ఆస్పార్టేట్, 382 ఫినైల్‌అలనైన్, 383 గ్లైసిన్, ఈ మూడిటిని కలిపి డీఎఫ్‌జీ అంటరు. కైనేజ్ ఆన్‌ల ఉన్నప్పుడు ఆస్పార్టేట్ లోపలికి తిరిగి ఉంటది, ఇమాటినిబ్ కూసున్నప్పుడు చూస్తే ఆ ఫినైల్‌అలనైన్ ఉన్న జాగ ఖాళీ చేసి బయటికి తిరిగి ఉంటది, దీన్ని డీఎఫ్‌జీ అవుట్ అంటరు. ఖాళీ అయిన ఆ లోపలి గదిలనే ఇమాటినిబ్ సగం ఉన్నది. అంటే ప్రోటీన్ ఆఫ్ రూపంల ఉన్నప్పుడే ఈ మందుకు గది దొరుకుతది. కండ్లతోని చూడాలంటే 2జీక్యూజీ అనే ఇంకో స్ట్రక్చర్ తెచ్చుకోండి, అది అదే ఏబీఎల్, కానీ డాసాటినిబ్ అనే మందుతోని, ఆన్ రూపంల ఉన్నది. టూల్స్‌ల మ్యాచ్‌మేకర్‌తోని రెండిటినీ ఒకదాని మీద ఒకటి కూసోబెట్టి ఆ మూడు అమైనో ఆమ్లాలకు రంగు వేసి తిప్పండి, ఇమాటినిబ్ లోపలి సగం సీదా 2జీక్యూజీల ఉన్న ఫినైల్‌అలనైన్ మీదకు పోయి గుద్దుకునేది కనపడ్తది. నేను మొదటిసారి ఇది చూసినప్పుడు రాత్రి పదకొండైంది, పక్క రూమోన్ని లేపి చూపెట్టిన.

దీనికి ఇంకో కొస ఉన్నది. ఎస్ఆర్‌సీ అనే కైనేజ్ ఉన్నది, మందు తాకే జాగల ఏబీఎల్‌కి దానికి పెద్ద తేడా లేదు, క్రిస్టల్‌ల చూస్తే ఇమాటినిబ్ రెండిట్ల దాదాపు ఒకే తీరు కూసుంటది, అయినా ఎస్ఆర్‌సీ మీద దాని పట్టు వెయ్యి రెట్లకు పైగ తక్కువ. కారణం నిలవడ్డ బొమ్మల దొరకదు, ప్రోటీన్ కదిలే తీరుల ఉన్నది, మందు కూసున్నంక ఏబీఎల్ దాని చుట్టూ సర్దుకొని పట్టు బిగిస్తది, ఎస్ఆర్‌సీ అంత బిగియ్యదు. ఒక్క క్రిస్టల్ బొమ్మ చూసి మందు బలం చెప్పలేం అనేది ఇక్కడనే అర్థమైతది.

ఇప్పుడు రోగం ఎట్ల తప్పించుకుంటదో చూద్దాం. కొందరికి ఇమాటినిబ్ పనిచేసుడు ఆగిపోతది, అట్లాంటి మార్పులల్ల పేరుమోసింది టీ315ఐ, అంటే 315ల థ్రియోనిన్ పోయి ఐసోల్యూసిన్ వచ్చుడు. టూల్స్‌ల స్ట్రక్చర్ ఎడిటింగ్ కింద రోటమర్స్ ఓపెన్ చేసి 315ని ఐసోల్యూసిన్ చేయండి. రెండు దెబ్బలు ఒక్కసారే కనపడ్తయ్, ఓహెచ్ పోయింది కాబట్టి ఆ పట్టు పోయింది, దానికి తోడు లావాటి కొమ్మ వచ్చి మందుకు అడ్డం నిలవడ్డది. కావలి మనిషే మారిపోయినట్టు. ఇగ 3ఐకే3 తెచ్చుకోండి, అది ఆ మార్పు వచ్చిన ఏబీఎల్‌ల పోనాటినిబ్ అనే మందు కూసున్న స్ట్రక్చర్. పోనాటినిబ్‌ల సరిగ్గ ఆ కావలి ముంగట రెండు కార్బన్ల మధ్య ట్రిపుల్ బాండ్ పెట్టిండ్రు, అది సన్నగ సీదాగ ఉంటది, ఐసోల్యూసిన్‌కి తాకకుండ పక్కనుంచి జారిపోతది. మనుషులు బొమ్మ ముంగట కూసొని ఆలోచించి చేసిన పని ఇది, 2012 డిసెంబర్‌ల అమెరికాల పర్మిషన్ వచ్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త, కొన్ని ఏబీఎల్ స్ట్రక్చర్లల్ల నంబర్లు 19 ఎక్కువుంటయ్, 315 కాస్త 334 అయితది, ఎందుకంటే ఏబీఎల్‌కి రెండు రూపాలున్నయ్, ఒక్కో రూపానికి ఒక్కో లెక్క. 315 వెతికితే థ్రియోనిన్ కాకుండ ఇంకేదో వస్తే తప్పు మీది కాదు, 19 కలిపి చూడండి. నేను ఒక దినం మొత్తం దీనికే పోగొట్టుకున్న.

ఇవన్నీ అయినంకనే డాకింగ్. మొదటి పని కొత్త మందు పెట్టుడు కాదు, ఉన్న మందును తీసి మళ్ళ అక్కడనే పెట్టుడు, దీన్ని రీడాకింగ్ అంటరు. ఏ చెయిన్ ఒక్కటి ఉంచుకొని, నీళ్ళు, ఎస్‌టీఐ తీసేసి, హైడ్రోజన్లు పెట్టి ప్రోటీన్‌ని రెడీ చేయండి. మందును పీడీబీ ఫైల్ నుంచి కోసి వాడకండి, దాంట్ల ఏది సింగిల్ బాండ్ ఏది డబుల్ బాండ్ అన్నది సరిగ రాదు, లిగాండ్ (ప్రోటీన్‌ల కూసునే మందు అణువు) పేజీల ఎస్‌డీఎఫ్ ఫైల్ దొరుకుతది, అది తీసుకోండి. పిపరజిన్ మీద మిథైల్ ఉన్న నైట్రోజన్‌కి ఒంట్లె ప్రోటాన్ ఉంటది, ప్లస్ చార్జ్ ఉంటది, మీ ఫైల్‌ల అది లేకపోతే చివరి రెండు పట్లు రావు, చెయ్యే లేనోడు ఎట్ల పట్టుకుంటడు? ఆటోడాక్ వీనా అనే డాకింగ్ సాఫ్ట్‌వేర్‌ల, మందుకు జాగ వెతికే పెట్టె మధ్య బిందువు పాత మందు ఉన్న జాగల పెట్టండి, ఒక్కో దిక్కు 20 నుంచి 25 ఆంగ్‌స్ట్రామ్ చాలు, మొత్తం ప్రోటీన్‌ని పెట్టెల పెట్టకండి. ఎగ్జాస్టివ్‌నెస్ (ఎంత గట్టిగ వెతకాలె అని చెప్పే సంఖ్య) 32 పెట్టండి, ఉన్నది ఉన్నట్టు 8తోని నడిపిస్తే ఇంత పొడుగు మందుకు సరిపోకపోవచ్చు. స్కోర్ మైనస్ 12, 13 దగ్గర వస్తది. కానీ స్కోర్ తర్వాత, ముందు వచ్చిన భంగిమను అసలు క్రిస్టల్ మీద కూసోబెట్టి చూడండి, తేడా 2 ఆంగ్‌స్ట్రామ్ లోపల ఉండాలె, ఇందాక చూసిన ఆరు పట్లు ఉండాలె. ఇది రాకపోతే మీ సెటప్‌ల తప్పున్నది, కొత్త మందుల దాక పోకండి. వస్తే అదే మందును 2జీక్యూజీల పెట్టి చూడండి, లోపలి గది మూసుకొని ఉన్నది కాబట్టి అసలు భంగిమ రాదు. మందు అదే, ప్రోటీన్ అదే, ఎంచుకున్న స్ట్రక్చర్ వేరే, అందుకే ఏ స్ట్రక్చర్ తీసుకున్నరో, ఎందుకు తీసుకున్నరో రిపోర్ట్‌ల రాయండి.

స్కోర్ చదువుడు గురించి గట్టిగ చెప్త. పట్టు పదింతలు బలంగైతే శక్తి లెక్కల (స్కోర్ కూడా ఈ లెక్కలనే ఉంటది) మోల్‌కి 1.36 కిలోక్యాలరీల తేడా వస్తది, గది వేడి దగ్గర. ఒక నానోమోలార్ పట్టు (చాలా కొద్ది మందుకే సగం గుంతలు నిండేంత గట్టి పట్టు) అంటే మైనస్ 12.3 దగ్గర. ఇగ వీనా తయారు చేసినోళ్ళే 2010ల తమ లెక్కల తప్పు సుమారు 2.85 కిలోక్యాలరీలు ఉంటదని రాసిండ్రు, అంటే నూరు రెట్లకు పైన అటిటు. మరి మైనస్ 9.1 కంటే మైనస్ 9.4 మందు మంచిదని ఎట్ల రాస్తరు? పైగ అణువు పెద్దగైన కొద్ది స్కోర్ దానంతట అదే పెరుగుతది, ఇమాటినిబ్‌ల హైడ్రోజన్లు కాకుండ 37 పరమాణువులున్నయ్, స్కోర్‌ని ఆ సంఖ్యతోని భాగించి పక్కపక్కన పెట్టి చూసుకోండి. పట్టుకోవని తెలిసిన అణువులను కూడా కొన్ని కలిపి డాక్ చేయండి, వాటికి కూడా మైనస్ 9 వస్తే మీ మైనస్ 9కి అర్థం లేదు.

ఇంత పట్టుబట్టి చెప్పుడు ఎందుకంటే, మా మామకు చుట్టాలల్ల ఒకాయన వాట్సాప్‌ల ఒక మెసేజ్ పంపిండు, ఫలానా ఆకు కాన్సర్ ప్రోటీన్‌ని పట్టుకుంటదని కంప్యూటర్‌ల రుజువైంది, గోళీలు బంద్ పెట్టి రసం తాగుమని. మామ నాకు ఫోన్ చేసి అడిగిండు కాబట్టి సరిపాయె, అడగకపోతే ఏమవునో. అది ఎవరో ఒక స్టూడెంట్ చేసిన డాకింగ్‌ల ఒక్క స్కోర్, అంతకు మించి ఏం లేదు. ఆకు అణువు ఆ గుంతల పట్టొచ్చు, కానీ గుంత దాక చేరుతదా, పేగు నుంచి రక్తంలకు పోతదా, లివర్ దాన్ని విరగ్గొడ్తదా, కణం లోపలికి జొరుతదా, ఇవన్నీ డాకింగ్‌ల లేవు. మీరు స్కోర్ రాసే పేజీ ఒక ఇంట్ల గోళీ ఆపే దాక పోవచ్చు, అందుకే డాకింగ్‌ని డాకింగ్ అనే రాయండి, "కాన్సర్‌ని తగ్గిస్తది" అని రాయకండి.

మామ ఇంకోటడిగిండు, ఒక్కసారి పట్టుకుంటే అయిపోవాలె గదా, రోజూ ఎందుకు అని. ఇమాటినిబ్ పట్టు శాశ్వతం కాదు, కూసుంటది, లేస్తది, మళ్ళ కూసుంటది, రక్తంల ఎంత మందు ఉంటే అన్ని గుంతలు నిండి ఉంటయ్. సుమారు 18 గంటల్ల రక్తంల ఉన్న మందు సగమైతది, అందుకే రోజూ వేసుకుంటేనే గుంతలు ఖాళీ కాకుండ ఉంటయ్. గోళీ ఆపుడు, తగ్గించుడు డాక్టర్ పరీక్షలు చూసి చెప్పాల్సిందే, బొమ్మ చూసి నేను చెప్పేది కాదు అని కూడా చెప్పిన.

లేవకుండ అతుక్కునే మందులు కూడా ఉన్నయ్, తర్వాత చూడాల్సింది అదే. 6ఓఐఎం తెచ్చుకోండి, కేఆర్ఏఎస్ అనే ప్రోటీన్‌ల సోటోరాసిబ్ అనే మందు కూసున్న స్ట్రక్చర్. కేఆర్ఏఎస్‌ల పట్టుకోవడానికి మంచి గుంత లేదని మస్తు ఏండ్లు దాన్ని మందుకు దొరకని ప్రోటీన్ అన్నరు. 12వ జాగల గ్లైసిన్ పోయి సిస్టీన్ వచ్చిన మార్పుల, ఆ సిస్టీన్ పక్కన దాక్కొని ఉన్న గుంత 2013ల బయటపడ్డది, 2021 మేల సోటోరాసిబ్‌కి పర్మిషన్ వచ్చింది. ఇక్కడ మామూలు వీనా పనికిరాదు, అది నిజమైన బాండ్ ఏర్పడుడును లెక్కగట్టదు, దీనికి కోవలెంట్ డాకింగ్ వేరే ఉంటది. ముందైతే 12వ సిస్టీన్ సల్ఫర్ మీద క్లిక్ చేసి మందు దిక్కు చూడండి, ఇమాటినిబ్ కాడ అన్నీ చుక్కల గీతలే ఉండె, ఇక్కడ సల్ఫర్‌కి మందు కార్బన్‌కి మధ్యల నిండు గీత ఉంటది.